ఓడ దిగాక ఎటు? నాలుగు రేవులు, ఒక గార్బో నోటు

"గార్బో ఊరు వెళ్తున్నావటగా! అక్కణ్ణుంచి నాకేం తెస్తావురా?"

తణుకులో మా ఆపరేటర్ బాబాయి ఈ ఒక్క ప్రశ్న అడక్కపోయుంటే, నా బాల్టిక్ యాత్ర ఫ్రిజ్ తలుపుకి అతికించే అయస్కాంతం బొమ్మల దగ్గరే ఆగిపోయేది. బాబాయంటే సొంత బాబాయి కాదు, నాన్నగారి స్నేహితుడు. ముప్పై ఏళ్ళకు పైగా సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపిన మనిషి. కార్బన్ కడ్డీల వేడికి చెమటలు కక్కుతూ రీళ్ళు మార్చేవాడు. ఆ ఇరుకు గది గోడ మీద రెండే బొమ్మలు. ఒకటి సావిత్రి. రెండోది ఏదో పాత సినిమా పత్రికలోంచి కత్తిరించి అంటించిన గ్రెటా గార్బో. 'ఆవిడెవరు బాబాయ్?' అని చిన్నప్పుడు అడిగితే, 'హాలీవుడ్డుని ఏలిన తారరా. ముప్పై ఆరో ఏట మానేసి మళ్ళీ కెమెరా ముందుకి రాలేదు. అంత పంతం ఎవరికుంటుంది చెప్పు?' అనేవాడు. హాల్లోకి డిజిటల్ వచ్చాక రీళ్ళు పోయాయి, బాబాయి ఉద్యోగమూ పోయింది. బొమ్మలు మాత్రం జాగ్రత్తగా ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాడు.

అయినా ఒక ఫ్రీలాన్సు విలేఖరికి విహార నౌకలో ప్రయాణమేమిటని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే! రాసిన వ్యాసానికి చెక్కు వచ్చేలోపు ఆ వ్యాసం సంగతి నేనే మర్చిపోతుంటాను. అసలు సంగతేమిటంటే, మా అక్కా బావా కోపెన్‌హాగన్‌లో ఉంటారు. 2023 జూలైలో అమ్మని తీసుకుని ఓడెక్కాలని వాళ్ళు ముందే డబ్బు కట్టేశారు. ఆఖరి ఘడియలో బావకి సెలవు దొరకలేదు. ఆ చోటు నాకు దక్కింది. డెన్మార్కు, స్వీడన్, ఫిన్లాండ్, ఎస్తోనియా నాలుగు దేశాలకీ కలిపి ఒకటే షెంగెన్ వీసా. ఎక్కేది కోపెన్‌హాగన్‌లో, దిగేదీ అక్కడే.

అమ్మ చేతిసంచీలో ఒక కాగితం. దాని మీద ఇరవై ముగ్గురి పేర్లు. ఎదురింటి పిన్నిగారి దగ్గర్నుంచి పాలు పోసే అబ్బాయి దాకా అందరికీ 'ఏదో ఒకటి' తేవాలట. నా జాబితాలో ఒకే ఒక్కరు. కానీ నిజం చెప్పొద్దూ, ఆ ఇరవై ముగ్గురి కంటే ఈ ఒక్కరే నాకు కష్టమయ్యారు.

మొదటి పాఠం ఓడ ఎక్కకముందే నేర్చుకున్నాం. కోపెన్‌హాగన్ ఊరు తిప్పి చూపించే యాత్రల్లో తప్పకుండా ఉండేది రాతి మీద కూర్చున్న 'జలకన్య' విగ్రహం. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కథలోని నాయిక. 1913లో ఎడ్వర్డ్ ఎరిక్సెన్ చేసిన కంచు బొమ్మ. ఇందులో సినిమాకి పనికొచ్చే కథ ఒకటుంది. ముఖానికి నమూనా ఎలెన్ ప్రైస్ అనే బాలే నర్తకి. ఆవిడ బట్టలు లేకుండా కూర్చోనని చెప్పేసింది. దాంతో శిల్పి తన భార్య ఎలీనె శరీరాన్ని నమూనాగా పెట్టుకున్నాడు. తల ఒకరిది, తనువు ఒకరిది. మనవాళ్ళు డూపు పెట్టడం ఇప్పుడిప్పుడే కనిపెట్టినట్టు మాట్లాడుకుంటాం కదూ! 1964లో ఒకసారి, 1998లో ఇంకోసారి దుండగులు ఆ తల కోసుకుపోయారు కూడా. మొదటిసారి పాత అచ్చుతో మళ్ళీ తల పోశారు, రెండోసారి పోయిన తలే దొరికితే తిరిగి అతికించారు.

అంత పేరున్న బొమ్మ ఎత్తెంతో తెలుసా? ఒకటింబావు మీటరు! అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "ఇంతేనా? మన గోదావరి గట్టు మీద బొమ్మలు ఇంతకంటే పెద్దవే" అంది. చుట్టూ యాభై మంది ఫోన్లు ఎత్తి పట్టుకుని ఒకర్నొకరు తోసుకుంటున్నారు. ఇంతకీ మా ఓడ ఆగింది లాంగెలీనీ రేవులో. అక్కణ్ణుంచి ఆ బొమ్మ దగ్గరకి నడిచే వెళ్ళచ్చు. మేం అలాగే వెళ్ళాం. దాని కోసం టికెట్టు కొని బస్సెక్కిన వాళ్ళూ అక్కడే కనిపించారు. అందుకే ఎక్స్‌కర్షన్ కొనే ముందు ఓడ ఏ రేవులో ఆగుతుందో, చూడాల్సింది అక్కణ్ణుంచి ఎంత దూరమో మ్యాపులో చూసుకోండి.

కోపెన్‌హాగన్‌లో అమ్మ నీలం రేకు డబ్బాల బిస్కట్లు ఇరవై మూడు కొనబోయింది. "హైదరాబాదులో మా ఇంటి కింద కొట్లో కూడా అమ్ముతారు" అని చెప్పి ఆపాను. ఇలా ఆ ఊళ్ళో మా బేరం సున్నా.

ఓడలో మర్నాడంతా సముద్రమే. కేబిన్‌లో ఎక్స్‌కర్షన్ల పుస్తకం ముందు పెట్టుకుని ముగ్గురం పంచాయితీకి కూర్చున్నాం. అక్క పక్షం ఒకటే మాట. "ఓడ వాళ్ళ బస్సులోనే వెళ్దాం. ఆలస్యమైతే ఓడ ఆగుతుంది." ఇది నిజం. వాళ్ళు అమ్మిన యాత్రలో మీరుంటే, బస్సు ఆలస్యమైనా మీ కోసం చూస్తారు. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే మాత్రం లంగరు ఎత్తేస్తారు, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరే వచ్చి కలుసుకోవాలి. నా పక్షం ఏమిటంటే, ఆ బస్సులో మనిషికయ్యే డబ్బుతో ముగ్గురం రోజంతా సిటీ రైళ్ళలో తిరగొచ్చని. పైగా 'పనోరమిక్' అని రాసున్న యాత్రల్లో చాలాభాగం బస్సు అద్దాల్లోంచే చూడాలి. అమ్మ మోకాళ్ళకి అదే నయమని అక్క వాదన. చివరికి అమ్మే తీర్పు చెప్పింది. స్టాక్‌హోమ్‌లో పొద్దున్న అక్క చెప్పినట్టు, మధ్యాహ్నం నేను చెప్పినట్టు.

మా ఓడ మరీ పెద్దది కాదు కాబట్టి స్టాక్‌హోమ్‌లో ఊరి నడుమ స్టాడ్స్‌గోర్డెన్ రేవులో ఆగింది. మహా నౌకలైతే న్యూనెస్‌హామ్న్ అనే ఊళ్ళో ఆగుతాయి. అక్కణ్ణుంచి నగరానికి రైల్లో దాదాపు గంట. ఇదీ ముందే చూసుకోవాల్సిన సంగతే.

పొద్దున బస్సులో వాసా మ్యూజియం. అక్క గెలిచిందని ఒప్పుకోవాలి! 1628లో స్వీడన్ రాజు ఆర్భాటంగా కట్టించిన యుద్ధ నౌక వాసా. తొలి ప్రయాణంలో కిలోమీటరున్నర కూడా పోకుండా, ఊరంతా చూస్తుండగా ఒరిగి మునిగిపోయింది. 333 ఏళ్ళ తర్వాత 1961లో దాన్ని బయటకి తీశారు. చీకటి హాల్లో నల్లగా, ఆకాశమంత ఎత్తున, చెక్కిన సింహాలతో, రాక్షసులతో నిలబడి ఉంది. ఏ కళా దర్శకుడు వేస్తాడండీ అలాంటి సెట్టు! పైన ఫిరంగుల బరువు ఎక్కువై, కింద తూకం చాలక మునిగిందట. మల్టీస్టారర్లు కొన్ని ఎందుకు పోతాయో నాకు అక్కడ అర్థమైంది.

మధ్యాహ్నం నా వంతు. అక్క "నేను రాను, ఓడ దగ్గరే ఉంటా. ఎవరో ఒకరు కెప్టెన్‌ని బతిమాలాలి కదా" అని వెనక్కి వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం నా వెంట వచ్చింది. నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి.

స్లుస్సెన్ స్టేషన్‌లో మెట్రో ఆకుపచ్చ లైను ఎక్కి స్కూగ్‌షిర్కోగోర్డెన్ అనే స్టేషన్లో దిగాం. ఆ పేరుకి అర్థం 'అడవి శ్మశానం'. సుమారు 250 ఎకరాల్లో పైన్ చెట్లు, వాటి కింద సమాధులు. గున్నార్ ఆస్ప్లుండ్, సీగుర్డ్ లెవెరెంట్స్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు తీర్చిదిద్దారు. 1994లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. గార్బో అక్కడుంది.

స్టాక్‌హోమ్‌లోని సోడెర్మాల్మ్ పేటలో 1905లో బీద ఇంట్లో పుట్టిన పిల్ల. అసలు పేరు గ్రెటా గుస్టాఫ్సన్. పద్నాలుగేళ్ళకే తండ్రి పోయాడు. మంగలి షాపులో గడ్డాలకి సబ్బు నురగ పూసింది, బట్టల కొట్లో టోపీలు అమ్మింది. అక్కణ్ణుంచి హాలీవుడ్! మూకీల్లోనే మహారాణి అయింది. 1930లో 'అన్నా క్రిస్టీ'తో ఆమె మొదటిసారి మాట్లాడితే, 'గార్బో మాట్లాడుతోంది!' అన్న ఒక్క వాక్యంతోనే చిత్రాన్ని ప్రచారం చేశారు. 1941 తర్వాత ఇంకో సినిమా లేదు. 1990లో న్యూయార్క్‌లో పోయింది. అస్థికలు మాత్రం 1999లో సొంత ఊరు చేరాయి.

బాట వెంట పాటిగా నడిచి, నాలుగుచోట్ల అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి చేరుకున్నాం. ఎర్రటి రాయి. దాని మీద ఆమె సంతకం, అంతే. పుట్టిన తేదీ లేదు, పోయిన తేదీ లేదు, బిరుదు లేదు. మనుషులెవరూ లేరు. జలకన్య దగ్గర తోసుకున్న ఆ యాభై మందిలో ఒక్కరైనా రాలేదు. అమ్మ కాసేపు చూసి, "మొగుడూ పిల్లలూ?" అంది. పెళ్ళి చేసుకోలేదని చెప్పాను. "అయితే ఇంత దూరం ఎవరు తెచ్చుంటారు పాపం" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

పక్కనే గడ్డిలో పైన్ కాయ ఒకటి పడుంది. చక్కగా విచ్చుకుని, చెక్కతో చేసిన పువ్వులా ఉంది. బాబాయికి ఇంతకంటే ఏం కావాలి? వంగి తీసుకుని జేబులో పెట్టుకోబోయాను.

"పారెయ్! శ్మశానంలోంచి ఇంటికి వస్తువు తెస్తారట్రా ఎవరైనా? అదీ ముసలాయన ఇంటికి!"

వాదించాను. ఇది తోటలాంటిదన్నాను, యునెస్కో అన్నాను. అమ్మ ముందు యునెస్కో ఎంత! కాయ ఎక్కడిదక్కడ పెట్టించి, సీసాలో నీళ్ళు నా నెత్తిన నాలుగు చుక్కలు చల్లి, గేటు దాటాక కాళ్ళు కూడా కడిగించింది. అటుగా పోయే స్వీడిష్ దొర ఒకాయన ఆగి మరీ చూశాడు.

ఉత్త చేతులతో రైలెక్కాను. ఆ దిగులులో ఎదురు దిక్కు రైలు ఎక్కేశాను! ఫార్‌స్టా స్ట్రాండ్ అని ఆఖరి స్టేషన్ వచ్చి అందరూ దిగిపోతే గానీ తెలియలేదు. తప్పు పూర్తిగా నాదే. మళ్ళీ వెనక్కి వస్తుంటే, ఫోన్‌లో స్వీడన్ డబ్బు మారకం చూస్తుండగా ఒక సంగతి కంటబడింది. 2016 నుంచి వాడుకలో ఉన్న వంద క్రోనర్ల నోటు మీద బొమ్మ ఎవరిదనుకున్నారు? గ్రెటా గార్బో! రెండు వందల నోటు మీద దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్! రాజులని, మంత్రులని కాదు, సినిమా వాళ్ళని డబ్బు మీద అచ్చేసుకున్న దేశం!

అయితే పొద్దున్నించీ మేం అక్కడ ఒక్క నోటు కూడా చూడలేదు. స్వీడన్‌లో దాదాపు అంతా కార్డే. కాఫీ కొట్లో 'నగదు తీసుకోం' అని బోర్డు. ఆమె బొమ్మున్న నోటు ఆమె ఊళ్ళోనే ఎవరి జేబులోనూ కనబడదు.

స్లుస్సెన్‌లో దిగేసరికి మూడూ యాభై. అమ్మని ఒకచోట నిలబెట్టి ఏటీఎం కోసం పరుగు. ఒక మిషను నా కార్డు ఉమ్మేసింది. రెండో దాని ముందు నలుగురు. ఈలోగా అక్క ఫోను, "ఎక్కడ చచ్చారు?" అని. మూడు వందల క్రోనర్లు నొక్కాను. మూడూ వందలే వస్తాయనుకున్నా. వచ్చినవి రెండు కాగితాలు. ఒక బెర్గ్‌మన్, ఒక గార్బో! దర్శకుణ్ణీ నాయికనీ కలిపి నా చేతిలో పెట్టింది ఆ మిషను. విచిత్రమేమిటంటే ఈ ఇద్దరూ కలిసి ఒక్క చిత్రమూ చెయ్యలేదు.

స్లుస్సెన్ చుట్టూ అప్పట్లో పెద్ద నిర్మాణ పనులు జరుగుతున్నాయి. పొద్దున చూసిన బస్ స్టాపు ఎటుందో దొరకలేదు. అమ్మ మోకాలు మొరాయించింది. టాక్సీ ఎక్కి, నాలుగూ ఇరవై ఒకటికి ఓడ మెట్ల దగ్గర దిగాం. పైన కఠినమైన మొహంతో అక్క. ఆవిడ ఏమందో ఇక్కడ రాయను, ఇది కుటుంబ పాఠకులు కూడా చదివే పత్రిక.

అయిదింటికి ఓడ కదిలింది. స్టాక్‌హోమ్ నుంచి సముద్రంలోకి వెళ్ళే దారంతా దీవులే. ఎర్రటి చెక్క ఇళ్ళు, ఇంటికో పడవ, ఒడ్డున చేతులూపే పిల్లలు. రాత్రి తొమ్మిదైనా ఎండ. అమ్మ డెక్ మీద కుర్చీలో కూర్చుని లేవలేదు. పుస్తకంలోని అన్ని యాత్రల కంటే ఆమెకి అదే నచ్చింది. దానికి టికెట్టే లేదు.

ఆ రాత్రి గడియారం గంట ముందుకి తిప్పుకోమన్నారు. ఫిన్లాండ్, ఎస్తోనియాల్లో స్వీడన్ కంటే గంట ముందు. ఇది మరిచి ఒడ్డు మీద తిరిగితే ఓడ పోయినట్టే. అమ్మ గడియారం మాత్రం తణుకు టైములోనే ఉంది. 'రెండున్నర గంటలు తీసేస్తే సరి' అని లెక్క కట్టి మా ఇద్దరికంటే ముందే చెప్పేసేది.

2022 ముందు అయితే ఇలాంటి ఓడలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రెండేసి రోజులు ఆగేవి. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక ఆ రేవు మానుకున్నాయి. మరేం దిగులు లేదు, హెల్సింకీ ఉంది! సోవియట్ రోజుల్లో హాలీవుడ్ వాళ్ళకి లెనిన్‌గ్రాడ్‌లో, మాస్కోలో షూటింగుకి అనుమతి దొరక్కపోతే హెల్సింకీకి వచ్చేవారు. జారు చక్రవర్తి కాలంలో కార్ల్ లుడ్విగ్ ఎంగెల్ కట్టిన భవనాలు అచ్చం పీటర్స్‌బర్గ్ లాగే ఉంటాయి కాబట్టి. వారెన్ బీటీకి దర్శకుడిగా ఆస్కార్ తెచ్చిన 'రెడ్స్' (1981)లో రష్యా విప్లవం జరిగింది ఈ వీధుల్లోనే. 'గోర్కీ పార్క్' (1983)లో మాస్కో కూడా హెల్సింకీయే. సెనేట్ స్క్వేర్‌లో తెల్లటి కెథడ్రల్ మెట్ల మీద కూర్చుని, 'రష్యా చూశాం' అని ముగ్గురం ఫొటో దిగాం. ట్రామ్ టికెట్టు తప్ప ఖర్చు లేదు. ఈసారి అక్క కూడా ఓడ బస్సు మాట ఎత్తలేదు.

అక్కడ రేవు పక్కనే బజారు. జింక కొమ్ము పిడి వేసిన కత్తి ఒకటి నన్ను బాగా ఊరించింది. అక్క చెయ్యి పట్టుకుని లాగింది. ఓడలోకి కత్తి తెస్తే గుమ్మంలోనే తీసి దాచేస్తారు. మన కస్టమ్స్ దగ్గర కొమ్ము సంగతి ఏం చెప్పుకోవాలి? 'సల్మియాక్కి' అని నల్లటి బిళ్ళలు మాత్రం కొన్నాం. ఫిన్లాండ్ వాళ్ళకి ప్రాణం. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "వాము కషాయంలో నవాసారం కలిపినట్టుంది" అంది. హాస్యం కాదు, అందులో నిజంగానే నవాసారం వేస్తారట! మిగిలిన పొట్లం నాకు చెక్కులు ఆలస్యం చేసే ఒక సంపాదకుడి కోసం దాచాను.

టాలిన్‌లో ఓడ దిగి పది నిమిషాలు నడిచానో లేదో, సినిమా సెట్టు ఎదురైంది. లిన్నాహాల్ అని రాతి కోటలాంటి సిమెంటు హాలు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో పడవ పందేలు టాలిన్‌లో జరిగినప్పుడు కట్టారు. ఇప్పుడు మూతబడి, మెట్ల సందుల్లో గడ్డి మొలిచింది. క్రిస్టఫర్ నోలన్ 'టెనెట్' (2020) మొదట్లో కీవ్ ఆపెరా హౌస్ మీద దాడి చూశారు కదా? అది ఇదే! మన డింపుల్ కపాడియా నటించిన సినిమా కాబట్టి అమ్మకి 'బాబీ అమ్మాయి సినిమా' అని చెప్పి మెట్లెక్కించబోయాను. ఆవిడ కింద నుంచే నమస్కారం పెట్టేసింది.

పాత ఊరి కూడలిలో 1422 నాటికే ఉన్న మందుల షాపు ఇంకా మందులు అమ్ముతోంది. అమ్మ లోపలికెళ్ళి మోకాలి నొప్పికి పూత మందు అడిగింది. ఇచ్చారు! ఆ యాత్ర మొత్తంలో ఆవిడ తన కోసం కొన్నది అదొక్కటే.

ఇక ఆ ఇరవై ముగ్గురు. కొట్ల నిండా అంబరు దండలు, రష్యా చెక్క బొమ్మలు. బొమ్మల్లో బొమ్మలు పెట్టినవి ఎస్తోనియావి కావు. అంబరు అసలైనది తేలికగా ఉంటుంది, బాగా ఉప్పు కలిపిన నీళ్ళలో తేలుతుంది. కానీ బజార్లో గిన్నెలో ఉప్పునీళ్ళు పెట్టుకుని ఎవరు తిరుగుతారు? అమ్మ వాటిని దాటేసి, ఒక ముసలమ్మ బల్ల ముందు ఆగింది. జునిపర్ చెక్కతో చేసిన చిన్న చెంచాలు, వెన్న రాసే చెక్క కత్తులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొంచెం కర్పూరం, కొంచెం అప్పుడే చెక్కిన పెన్సిలు వాసన. "ఊరగాయ జాడీలోకి పనికొస్తుంది" అని ఒక్కో చెంచా నాలుగు వైపులా తిప్పి చూసి, ఇరవై మూడూ అక్కడే కొనేసింది. బరువు కిలో కూడా లేదు. బేరమాడితే ఆ ముసలమ్మ నవ్వి ఇంకో రెండు పైన వేసింది. నేను పత్రికలకి యాత్రా వ్యాసాలు రాస్తాను, అమ్మ ఊరు దాటడం ఇది నాలుగోసారి. బజారు తెలిసింది ఎవరికంటారు?

తణుకు వచ్చిన మర్నాడే బాబాయి ఇంటికి వెళ్ళాను. కంట్లో శుక్లాలు తీయించుకుని నల్ల కళ్ళద్దాలతో ఉన్నాడు. నోటు చేతిలో పెట్టాను. అద్దాలు తీసి, రెండు వేళ్ళ మధ్య అంచు పట్టుకుని, కిటికీ వెలుగుకేసి ఎత్తాడు. ఫిల్ము ముక్క చూసే పద్ధతి అదే, చెయ్యి మర్చిపోలేదు. వెలుగులో పెడితే కాగితం లోపల ఆమె మొహం ఇంకోటి కనిపిస్తుంది. "రెండు ఫ్రేములు ఉన్నాయిరోయ్" అన్నాడు.

"మన డబ్బులో ఎంత?"

"ఎనిమిది వందల దాకా బాబాయ్."

"నేల టికెట్టు రేటు కాదన్నమాట."

బెర్గ్‌మన్ నోటు కూడా చూపించాను. ఈయనెవరో తెలీదన్నాడు, నన్నే ఉంచుకోమన్నాడు. లోపలికెళ్ళి పాత రేకు పెట్టె తెచ్చి, అందులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. 2011లో పోస్టాఫీసు వాళ్ళు వేసిన సావిత్రి స్టాంపు అందులో ఉంది. గార్బోని మడత పడకుండా దాని పక్కన దూర్చి, కవరు మూసి, "సాయంత్రం మీ అమ్మని రమ్మను, ఆ చెంచా ఏదో నాకూ ఒకటి తెమ్మను" అన్నాడు.